ఇంట్లో చేసిన సబ్బు ఎక్కడ చెడింది? సమస్య, కారణం, పరిష్కారం

వీడియో చూసి చేసిన సబ్బు చెడిపోతే చాలామంది "నా చేతికి ఈ పని రాదు" అని మానేస్తారు. కొన్నేళ్లుగా మా ఇంటికి కావలసిన సబ్బు నేనే చేసుకుంటున్నాను. చుట్టుపక్కల వాళ్లు తెచ్చి చూపించిన చెడిపోయిన సబ్బులూ చాలా చూశాను. వాటిలో చేతి వల్ల చెడినవి ఒకటో రెండో. మిగతావన్నీ కొలత దగ్గర చెడినవే. వీడియోలో లీటర్లు, కప్పులు, చెంచాలు చెబుతారు. కాస్టిక్ సోడాకు (సోడియం హైడ్రాక్సైడ్, కింద సోడా అన్నదల్లా ఇదే) తెలిసింది గ్రాముల లెక్క ఒక్కటే.

నూనె, కాస్టిక్ సోడా, నీళ్లు కలిపి, పొయ్యి మీద పెట్టకుండా చేసే సబ్బు గురించే ఇదంతా. కరిగించి అచ్చులో పోసే సోప్ బేస్ సంగతి చివర్లో ఉంది.

సమస్యల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఎగిసి ముఖం మీద పడుతుంది. కలిపేటప్పుడు నీళ్లు 80 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీ తెరిచి ఉంచండి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. పిల్లలు నిద్రపోయాకో, బడికి వెళ్లాకో చేయండి. అల్యూమినియం గిన్నె వాడవద్దు. సోడా దాన్ని తినేస్తుంది, మండే స్వభావం ఉన్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. స్టీలు గిన్నె గానీ, వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ పాత్ర గానీ పనికొస్తుంది. మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడిని సోడాకు బదులు వాడకండి, వాటిలో కొన్నింటిలో అల్యూమినియం ముక్కలు కలిపి ఉంటాయి. చేతి మీద చుక్క పడితే నిమ్మరసం, వెనిగర్ కోసం వెతక్కుండా కుళాయి కింద పావుగంటకు తక్కువ కాకుండా కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరే ఏర్పాటు చూడండి.

సబ్బు రుద్దుకుంటే మండుతోంది

ఎక్కువగా వినిపించే సమస్య ఇదే. వెంటనే ఆపాల్సినదీ ఇదే. రెండు రోజులు ఆరిన సబ్బును తడి వేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించి చూడండి. చిన్న బ్యాటరీని నాలుకకు ఆనించినట్టు చురుక్కుమంటే సోడా మిగిలిపోయిందని అర్థం. వెంటనే నోరు పుక్కిలించండి. వట్టి సబ్బు రుచి తెలిస్తే భయం లేదు.

సోడా ఎందుకు మిగులుతుంది? మొన్న మా వీధిలో ఒకామె తెచ్చిన లెక్కే చెబుతాను. వీడియోలో "అర లీటరు కొబ్బరినూనె, 87 గ్రాముల కాస్టిక్" అన్నారట. ఆమె అర లీటరు కొలిచి పోసింది, సోడాను కాటా మీద తూచింది. ఎక్కడా పొరపాటు చేయలేదు. అయినా చేతులు మండాయి.

ఒక గ్రాము కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి 0.183 గ్రాముల సోడా కావాలి. 500 గ్రాముల నూనెకు 91.5 గ్రాములు. సబ్బులో సోడా మిగలకుండా అందులో 5 శాతం తగ్గిస్తే 87. ఆ వీడియో లెక్క ఇక్కడి నుంచి వచ్చినదే, 500 గ్రాములకైతే సరిగ్గా సరిపోతుంది. కానీ నూనె నీళ్లకంటే తేలిక. అర లీటరు కొబ్బరినూనె సుమారు 460 గ్రాములే తూగుతుంది. అంత నూనె మొత్తంగా తీసుకోగలిగిన సోడా 84 గ్రాములు. మిగిలిన మూడు గ్రాములూ సబ్బులోనే ఉండిపోయాయి. నూనె ప్యాకెట్టు వెనక చూడండి, లీటరు పక్కనే గ్రాముల్లో బరువు కూడా ఉంటుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు.

ఆ సబ్బును పారేయనక్కర లేదు. తొడుగులు వేసుకుని కొబ్బరి తురిమినట్టు తురిమి, స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్ల మీద పెట్టాలి. తక్కువ పడిన 40 గ్రాముల నూనె, రెండు మూడు చెంచాల నీళ్లు కలిపి, మెరిసే ముద్దలా అయ్యేదాకా సన్నని సెగ మీద ఉంచాలి. చల్లారాక మళ్లీ నాలుక పరీక్ష చేయాలి. చూడటానికి గరుకుగా ఉంటుంది, వాడుకోవడానికి బాగుంటుంది. సోడా ఎంత వేశారో గుర్తు లేకపోతే మాత్రం ఈ మరమ్మతుకు పోవద్దు. దాన్ని పారేయడమే మంచిది.

తరచూ వాడే నూనెల లెక్క రాసిపెట్టుకోండి. గ్రాము నూనెకు కావలసిన సోడా: కొబ్బరి 0.183, పామాయిల్ 0.142, వేరుశనగ 0.137, ఆలివ్ 0.135, నువ్వులు 0.134, ఆముదం 0.128. వచ్చిన మొత్తంలో 5 శాతం తగ్గించి వేయాలి. నేను మొదటిసారి చేసేవాళ్లకు చెప్పే పాళ్లు ఇవి: కొబ్బరి 250 గ్రాములు, నువ్వుల నూనె 200, ఆముదం 50, సోడా 75, నీళ్లు 150. ఒక నూనె బదులు ఇంకో నూనె పోస్తే సోడా లెక్క మళ్లీ కట్టాలి. "మా ఇంట్లో నువ్వుల నూనె లేదు, అంతే కొబ్బరినూనె పోశాను" అన్నవాళ్ల సబ్బు జిడ్డుగా మిగిలింది. కొబ్బరినూనె పోయాల్సిన చోట నువ్వుల నూనె పోసినవాళ్ల సబ్బు మండింది. రెండింటికీ కారణం ఈ అంకెలే.

మండదు, కానీ చర్మం పొడిబారి లాగేస్తుంది

ఇది సోడా మిగిలిపోయిన దోషం కాదు. వట్టి కొబ్బరినూనెతో చేసిన సబ్బు మురికిని గట్టిగా లాగుతుంది, దాంతోపాటు ఒంటి మీది జిడ్డునంతా తీసుకుపోతుంది. వట్టి కొబ్బరితోనే చేయాలనుకుంటే సోడాను 5 శాతం బదులు 20 శాతం తగ్గించాలి. పైన చెప్పిన 460 గ్రాముల నూనెకు 67 గ్రాములు చాలు. ఇప్పటికే చేసేసిన సబ్బయితే గిన్నెలకో, బట్టలకో వాడుకోండి, ఆ పనికి చాలా బాగుంటుంది.

"చర్మానికి సరిపోయే పీహెచ్ 5.5 సబ్బు ఇంట్లోనే" అని చెప్పే వీడియోలను నమ్మవద్దు (పీహెచ్ అంటే పులుపు, క్షార గుణాల కొలత). నూనె, సోడాలతో చేసిన అసలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. నిమ్మరసం పోసి దాన్ని 5.5కు దించితే సబ్బు విరిగి మళ్లీ కొవ్వు బయటపడుతుంది.

మర్నాడు చూస్తే పైన నూనె తేలింది

రెండు కారణాలు. మొదటిది, కలపడం చాలలేదు. వీడియోలో కర్ర బ్లెండరుతో మూడు నిమిషాల్లో చిక్కబడుతుంది. మీరు పప్పుగుత్తితో కలిపితే ముప్పావుగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. గరిటె ఎత్తి ధారగా వదిలితే ఆ గీత పైన ఒక క్షణం నిలవాలి. దోసెల పిండి మీద గరిటె జాడ నిలిచినట్టు. అప్పుడే అచ్చులో పోయాలి. మిక్సీ జారు మాత్రం వద్దు. మూత ఎగిరితే సోడా కలిసిన నూనె గోడల మీదా, మన మీదా పడుతుంది.

రెండోది చలికాలపు మోసం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు ఉదయం హైదరాబాదులోనో, ఆదిలాబాదులోనో చేస్తే నూనె చల్లబడి పేరుకోవడమే సబ్బు చిక్కబడినట్టు కనిపిస్తుంది. అచ్చులో పోశాక విడిపోతుంది. నూనె, సోడా నీళ్లు రెండూ 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కలపండి. విడిపోయినదాన్ని నూనెతో సహా గిన్నెలోకి తీసి, మరిగే నీళ్ల మీద పెట్టి మళ్లీ కలిపితే దారికొస్తుంది. అప్పటిదాకా ఆ నూనెలో సోడా ఉందని మరవకండి, ఒట్టి చేతులతో ముట్టుకోకండి.

ఇవేవీ కాకుండా సబ్బు మెత్తగానే ఉండిపోతే సోడా డబ్బాను అనుమానించండి. మూత సరిగ్గా పెట్టని సోడా గాలిలోని తేమను పీల్చి ముద్దకడుతుంది. 75 గ్రాములు తూచినా అందులో సోడా అంత ఉండదు.

వాసన కలపగానే గిన్నెలోనే గట్టిపడింది

లవంగ నూనె, దాల్చినచెక్క నూనె ఈ పని చేస్తాయి. ఆల్కహాలు ఉన్న సెంట్లు అయితే మరీను. ఒంటికి కొట్టుకునే సెంటు ఎప్పుడూ కలపవద్దు. సబ్బుల కోసమే అమ్మే వాసన నూనెలను కూడా, బ్లెండరు పక్కన పెట్టి, చివర్లో చెంచాతో కలపాలి. గట్టిపడినదాన్ని ఆ గిన్నెతోనే వేడి నీళ్ల మీద పెడితే మెత్తబడుతుంది. అప్పుడు అచ్చులోకి నొక్కండి.

కోస్తుంటే ముక్కలుగా రాలిపోతోంది

కత్తి దింపగానే మైసూర్‌పాక్ అంచులా పొడి రాలుతుంది. మధ్యలో చీలుతుంది, సగం ముక్క చేతిలో, సగం బల్ల మీద. వీడియోలో "ఒక రోజంతా కదపకండి" అంటారు. ఆలివ్ నూనె ఎక్కువ ఉన్న సబ్బుకు అది సరైన మాట. కొబ్బరి ఎక్కువ ఉన్నది త్వరగా బిగుసుకుంటుంది. ఆరు గంటలకోసారి తొడుగు వేసుకుని అంచు నొక్కి చూడండి, గట్టి జున్నులా ఉన్నప్పుడే కోయండి. ఆలస్యమైతే కత్తిని వేడి నీళ్లలో ముంచి తీసి ప్రయత్నించవచ్చు. అసలు ఒక్కో సబ్బుకు ఒక్కో అచ్చు వాడితే కోసే పనే ఉండదు.

సబ్బంతా సున్నపు గడ్డలా పెళుసుగా, లోపల తెల్లటి పలుకులతో ఉంటే మాత్రం అది సోడా ఎక్కువైన గుర్తు. నాలుక పరీక్ష జోలికి కూడా పోకుండా ముందు మీ తూకాలు మళ్లీ లెక్కకట్టండి.

పైన పగిలింది, లేదా అచ్చు నుంచి పొంగింది

అచ్చులో పోశాక కూడా సబ్బు లోపల వేడి పుడుతూనే ఉంటుంది. చల్లని దేశాల్లో చేసేవాళ్లు దుప్పటి కప్పమంటారు. మే నెలలో విజయవాడలో దుప్పటి కప్పితే మధ్యలో ఉడికి, ఉబ్బి, నడినెత్తిన చీలుతుంది. తేనె, పాలు, బెల్లం పడితే ఈ వేడి ఇంకా పెరుగుతుంది. ఎండాకాలంలో కప్పకండి, ఫ్యాను కింద పెట్టండి. పాలతో చేసేటట్టయితే పాలను గడ్డకట్టించి, ఆ ముక్కల మీద సోడాను చిటికెడు చిటికెడు వేయాలి. మామూలు పాలలో వేస్తే నారింజ రంగుకు మాడి, ముక్కు మూసుకునే వాసన వస్తుంది. పొంగినదాన్ని చల్లారాక గిన్నెలోకి తీసి మళ్లీ ఉడికించి పోయవచ్చు. చీలింది మాత్రమే అయితే వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

పైన తెల్లటి పొడి పట్టింది

సబ్బు బిగుసుకునేలోపు పైపొరలోని సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి అలా అవుతుంది. హాని లేదు. తడి గుడ్డతో తుడవండి, లేదా రెండు క్షణాలు ఆవిరి పట్టండి. పోసిన వెంటనే అచ్చుకు గాలి తగలకుండా మూత పెడితే రాదు.

పసుపు ఎర్రబడింది, మందారం నల్లబడింది

పసుపు, సున్నం కలిపి పారాణి చేసిన ఇళ్లలో పుట్టినవాళ్లం, దీనికి ఆశ్చర్యపడనక్కర లేదు. సున్నం చేసిన పనే సోడా చేస్తుంది. పసుపు వేస్తే ముందు ఎర్రబడి, ఆరేకొద్దీ పసుపుపచ్చకు దగ్గరగా వస్తుంది. ఎండ తగిలితే వెలిసిపోతుంది. మందారం, బీట్‌రూట్, గులాబీ రేకులు మాత్రం తిరిగి రావు, మట్టిరంగుకు తిరుగుతాయి. వేపాకు పచ్చదనం నెలలోపే పోతుంది. పచ్చి ఆకు ముద్ద, పండ్ల గుజ్జు ఎక్కువ వేయవద్దు, మచ్చలు పడి పాడవుతాయి. నిలిచే రంగు కావాలంటే ముల్తానీ మట్టి, ఎర్రమట్టి, బొగ్గుపొడి నమ్మదగినవి.

నెల తిరిగేసరికి నారింజరంగు చుక్కలు, పాత నూనె వాసన

నూనె చెడుతోంది. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువ పోసినా, పూర్ణాలు, పకోడీలు వేయించగా మిగిలిన నూనె పోసినా, ఇనుప జల్లెడ మీద ఆరబెట్టినా ఇది వస్తుంది. తిరిగి బాగుచేయలేం. చుక్కలు ఒకటి రెండే ఉంటే చెక్కేసి త్వరగా వాడేయండి. ఈసారి కొత్త నూనె పోసి, వెదురు తట్టలో కాగితం మీద, గాలి ఆడే నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టండి.

సోప్ బేస్‌తో చేసిన సబ్బుకు చెమట పట్టింది

దాంట్లోని గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది. వానాకాలం విశాఖ, కాకినాడ గాలికి తప్పదు. చల్లారగానే పలుచని ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా చుట్టండి. త్వరగా బిగుసుకోవాలని ఫ్రిజ్‌లో పెడితే బయటకు తీయగానే మరింత తడుస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా నురగ రావడం లేదు

మీది బోరు నీళ్లా? ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా పేరుకుంటాయి, నురగ చచ్చిపోతుంది. తయారీకి శుద్ధి చేసిన నీళ్లే వాడండి. స్నానానికి మీ ఊరి నీళ్లు తప్పవు కాబట్టి, మూకుడులో కాసిని తాగే నీళ్లు పోసి అదే సబ్బుతో చేతులు కడిగి చూడండి. అక్కడ నురగ లేస్తే సబ్బు బాగానే ఉంది. తర్వాతి విడతలో కొబ్బరినూనె వాటా కొంచెం పెంచి, సోడా లెక్క మళ్లీ కట్టుకోండి.