పెద్దపేగు వాపును అణచే జన్యువులకు తిండితో తోడ్పడే విధానం

పేగు కణాలన్నింటిలోనూ ఉండే జన్యువులు అవే అయినా, వాటిలో ఏది ఎప్పుడు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించే నియంత్రణ మీదనే పేగు ఆరోగ్యం చాలావరకు ఆధారపడి ఉంటుంది. చిన్నపేగులో అరగని పీచును పెద్దపేగులోని బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది పేగు గోడ కణాలకు ఇంధనం కావడమే కాక, డీఎన్ఏను హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా ఉంచే హిస్టోన్ డీఎసిటైలేజ్ అనే ఎంజైములను అడ్డుకుని, ఆ బిగువును సడలించి, కొన్ని జన్యువులను కణం చదువుకునేందుకు వీలు కల్పిస్తుంది. ఫాక్స్‌పీ3 అనే జన్యువు ఈ విధంగా చురుకై, వాపును అణచే నియంత్రక టీ కణాలు అనే రోగనిరోధక కణాలు పెరుగుతాయని 2013లో వెలువడిన ఎలుకల పరిశోధనలు చూపాయి. మనుషుల్లో ఫలితం అంత సూటిగా ఉంటుందని అనుకోరాదు.

అయినా పాలిష్ పట్టిన బియ్యంతోనే కడుపు నింపుకోకుండా జొన్నరొట్టె, పొట్టు పెసలు, గోరుచిక్కుడు వంటివి రోజూ చేర్చుకోవడం మేలు. వండి చల్లార్చిన అన్నంలో అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది కనుక చద్దన్నమూ మంచిదే, కానీ వేసవిలో దాన్ని బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది; కొన్ని వారాల పాటు మెల్లగా పెంచుతూ నీళ్లు బాగా తాగాలి.

క్రోన్స్ వ్యాధి (పేగులో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) వల్ల పేగు దారి ఇరుకైనవారిలో గట్టి పీచు అడ్డుపడే ప్రమాదం ఉంది. అటువంటివారూ, మలంలో రక్తం పడుతున్నవారూ వైద్యుణ్ణి అడగనిదే ఈ మార్పులు చేయరాదు, వాడుతున్న మందులు మానరాదు.