హెవీ మెటల్ వినడానికి పాత స్పీకర్లు ఎంచుకోవడం ఎలా?

హెవీ మెటల్ కోసం పాత స్పీకర్లు వెతికేవారిలో చాలామంది మొదట వూఫర్ (మంద్ర స్వరాలు పలికే పెద్ద యూనిట్) ఎంత పెద్దదో చూస్తారు, కానీ ఈ సంగీతం స్పీకరుకు అసలు పరీక్ష పెట్టేది మిడ్‌రేంజ్‌లో, అంటే మధ్యస్థాయి స్వరాల్లో. గిటారు డిస్టార్షన్‌లోని బరువూ కరుకుదనమూ చాలావరకు 100 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే ఉంటాయి. గాయకుడి అరుపు, స్నేర్ డ్రమ్ము కూడా అక్కడే వచ్చి పడతాయి. వీటిని విడివిడిగా వినిపించలేని స్పీకరు ఎంత గట్టిగా మోగినా చెవికి చేరేది రొదే.

బేస్‌లో లోతుకన్నా బిగువు ముఖ్యం. నిమిషానికి 200 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు దెబ్బల చొప్పున డబుల్ బేస్ డ్రమ్ము వాయిస్తే, దెబ్బకూ దెబ్బకూ మధ్య 75 మిల్లీసెకన్లే ఉంటాయి. అందుకే నా మొగ్గు పోర్టు (పెట్టెలో గాలి పోయే రంధ్రం) లేని, పూర్తిగా మూసిన పెట్టెల వైపు. 1974లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-1000ఎం అలాంటిదే. దాని మిడ్‌రేంజ్, ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే యూనిట్) డోములు, అంటే గుండ్రని పొరలు, బెరీలియం అనే లోహంతో చేసినవి కనుక, పగిలిన డోమును ముట్టుకోకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. క్లిప్ష్ హెరెసీ కూడా మూసిన పెట్టే, పైగా హారన్ల (బాకా ఆకారపు భాగాల) వల్ల తక్కువ వాట్ల యాంప్లిఫైయరుతోనే గట్టిగా పలుకుతుంది. అయితే బేస్ గిటారు అడుగు స్వరాలు అందులో పలచబడతాయి. 1970 నాటి జేబీఎల్ ఎల్100కు పోర్టు ఉన్నా, గిటార్లను ముందుకు తెచ్చి వినిపించే తీరు వల్ల అది ఈ సంగీతానికి బాగా నప్పుతుంది.

పేరుకన్నా స్థితి ముఖ్యం కాబట్టి, కొనేముందు గ్రిల్ తీయించి చూడాలి. వూఫర్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌దైతే, వేలితో తాకగానే జిగటగా అంటుకుంటుందా, పొడిగా రాలుతుందా గమనించండి. విశాఖ, చెన్నై లాంటి తేమ ఊళ్లలో ఫోమ్ మరింత త్వరగా పాడవుతుంది. గుడ్డ అంచులు చాలా ఎక్కువకాలం మన్నుతాయి, కానీ కొన్ని గట్టిపడిపోతాయి. తరువాత యాంప్లిఫైయర్ ఆపి, రెండు చేతుల వేళ్లతో వూఫర్ కోన్‌ను సమంగా, మెల్లగా లోపలికి నొక్కుతూ, చెవి దగ్గర పెట్టి వినండి. గరగర వినిపిస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) రాసుకుంటోందని అర్థం. కొత్తగా ఫోమ్ వేయించామని అమ్మేవారు చెప్పినప్పుడు ఈ పరీక్ష అసలు మానకూడదు, ఎందుకంటే అంచును వంకరగా అతికిస్తే వచ్చే దోషం ఇదే.

మల్టీమీటరుతో కొలిస్తే 8 ఓమ్‌ల వూఫర్ సాధారణంగా 6 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. పెట్టె వెనక టెర్మినళ్ల వద్ద కొలిస్తే ట్వీటర్ సంగతి తెలియదు, దానికి ముందున్న కెపాసిటర్ మీటరు పంపే డీసీని ఆపేస్తుంది. కనుక తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టి, ఒక్కో ట్వీటర్ దగ్గరా చెవి పెట్టి వినాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: కంప్రెస్ చేసిన (మెల్లని శబ్దాలనూ గట్టి స్థాయికి తెచ్చిన) మెటల్ రికార్డింగులను, చాలని యాంప్లిఫైయరుతో గంటలకొద్దీ మోగిస్తే ముందుగా కాలిపోయేది ట్వీటరే. ముందువైపు లెవెల్ నాబ్‌లు తిప్పినప్పుడు చిటపటలాడితే భయపడనవసరం లేదు, చాలాసార్లు అటూ ఇటూ తిప్పితే సర్దుకుంటుంది.

1.5 వోల్టుల సెల్లును టెర్మినళ్లకు క్షణం తాకిస్తే కోన్ ఏ వైపు కదిలిందో తెలుస్తుంది. ఆనాటి జేబీఎల్‌లలో ఎర్ర టెర్మినల్‌కు పాజిటివ్ ఇస్తే కోన్ లోపలికి పోవడం మామూలే. జతలో రెండు స్పీకర్లూ ఒకేవైపు కదలడమే కావాలి. పెట్టె లోపలి, నలభై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చే ఖర్చును బేరం ఆడేటప్పుడే ధరలోంచి తగ్గించమని అడగండి.