పెద్దల తరగతిలో అందరినీ మాట్లాడించడం – 3వ పాఠం: ప్రశ్న అడిగాక ఆగడం

పోయిన పాఠంలో కుర్చీలు గుండ్రంగా వేయించాం. అయినా అందరూ మీ మొహమే చూస్తూ కూర్చుంటే, మీరు అడుగుతున్న ప్రశ్న ఏమిటో ఒకసారి చూసుకోండి.

"అర్థమైందా?" అంటే పెద్దవాళ్లు తలూపుతారు. అర్థం కాకపోయినా ఊపుతారు. మనవల్ని ఎత్తుకునే వయసులో, వాడకట్టు వాళ్లందరి ముందు "నాకు రాలేదు" అని ఎవరంటారు? ఆ ప్రశ్న ఇవాళ్టి నుంచి మానేయండి.

వాళ్ల పనిలోంచి అడగండి. గుంటూరులో మిర్చికి ముచ్చికలు తీసే ఆడవాళ్లకు సాయంత్రం లెక్కలు చెబుతున్నారనుకుందాం. పన్నెండో ఎక్కం అప్పజెప్పమంటే ఒక్కరూ నోరు విప్పరు. ఇలా అడిగి చూడండి: "కిలోకి 12 రూపాయల కూలి అనుకుందాం. కాటా మీద ఎనిమిదిన్నర కిలోలు తూగింది. చేతిలో వంద పెట్టారు. అసలు ఎంత రావాలి పిన్నీ?"

ఎనిమిది పన్నెండ్లు తొంభై ఆరు, అర కిలోకి ఆరు, మొత్తం 102 అని ఒకరు లెక్క కడతారు. "రెండు రూపాయలు ఎగ్గొట్టాడు" అని ఇంకొకరు. ఈలోగా వెనక నుంచి "సంచి బరువు తీసేశారా లేదా?" అని వినిపిస్తుంది. అది మీ పాఠంలో లేదు. అయినా పక్కన పెట్టకండి, అసలు తరగతి అక్కడే మొదలవుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలోని సారా పాఠం మీద మాట్లాడుకుంటూనే సారా దుకాణం మూయించేదాకా వెళ్లారు.

ఇక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు బడి తరగతులను గమనించి, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగడం లేదని 1970లలో రాశారు. మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. పెద్దలకైతే ఐదు ఇవ్వాలంటాను. ఆ నిశ్శబ్దంలో టెన్షన్ మనకే. నేనైతే చాక్‌పీసు కింద పెట్టి మంచినీళ్లు తాగుతాను. గ్లాసు నోట్లో ఉంటే జవాబు మనమే చెప్పేయలేం కదా!

అప్పటికీ పలకకపోతే పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోమనండి. తర్వాత "మీరేమనుకున్నారు?" అనొద్దు. "మీ పక్కావిడ ఏమంది అక్కా?" అనండి. తప్పయితే తన మీదకు రాదు కాబట్టి ధైర్యంగా చెబుతుంది. పక్కావిడ ఊరుకోదు, "నేనలా అన్లేదు" అంటూ అందుకుంటుంది. ఇద్దరూ మాట్లాడినట్టే.

ప్రతిదానికీ తానే జవాబు చెప్పే మనిషి ఒకరుంటారు. ఆయన్ని బోర్డు మీద రాయమనండి.

అభ్యాసం: రేపటి తరగతికి మూడు ప్రశ్నలు రాసుకోండి. అవును, కాదు అంటే సరిపోయేవి కొట్టేయండి. మిగిలినవి అడిగాక ఎంతసేపు ఆగారో ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఇంటికెళ్లాక వినండి. రికార్డు చేస్తున్నట్టు తరగతిలో ముందే చెప్పండి.