షాపులో మెత్తగా, ఒంటి మీద మంటగా: పిల్లల రాత్రి బట్టలకు గుడ్డ ఎంచుకోవడంలో తంటాలు, కారణాలు, పరిష్కారాలు

మా పాపకు 3 ఏళ్ళప్పుడు సంగతి. మే నెల, మహబూబ్‌నగర్‌లో రాత్రి 11 దాటినా గోడలు వేడి కక్కుతున్నాయి, నేనేమో కొత్తగా కుట్టిన పూల నైట్ సూట్ వేసి మురిపెంగా పడుకోబెట్టాను. 2 గంటలకు లేచి ఒకటే ఏడుపు. వీపంతా తడి, మెడ చుట్టూ చెమటకాయలు. సబ్బును తిట్టాను, ఫ్యాన్‌ను తిట్టాను, చివరికి నా కుట్టునే తిట్టుకున్నాను. మా అత్తమ్మ వచ్చి ఆ అంగీ అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి, "గిది కాటన్ కాదు బిడ్డా, చేతికి మెత్తగుంటే ఒంటికి మెత్తగుంటదా?" అన్నది. షాపతను ప్యూర్ కాటన్ అనే ఇచ్చాడు మరి.

ఆ తర్వాత మా ఇంట్లోకి, మా గల్లీ పిల్లలకు కుడుతూ ఉంటే అర్థమైంది, రాత్రి బట్టల్లో వచ్చే తంటాల్లో ముప్పాతిక వంతు కుట్టులో ఉండవు, కత్తెర పెట్టకముందే గుడ్డలో ఉంటాయి.

పిల్ల చెమటతో తడిసి లేస్తోంది, చెమటకాయలు వస్తున్నాయి

గుడ్డలో పాలిస్టర్ కలిసింది, నూటికి తొంభై సార్లు ఇదే. పాలిస్టర్ పోగు నీళ్ళు పీల్చదు, చెమట చర్మం మీదే నిలిచిపోతుంది. ఏసీ షాపులో చేత్తో నిమిరితే ఇది తెలియదు, పైగా కాటన్ కన్నా జారుడుగా, నునుపుగా ఉండి మనల్ని ఇంకా మోసం చేస్తుంది. ముడతలు పడదు, ఇస్త్రీ అక్కర్లేదు అని షాపతను గొప్పగా చెప్తే అక్కడే అనుమానపడండి. గుప్పిట్లో అర నిమిషం గట్టిగా నలిపి వదలండి, ముడత పడకుండా వెంటనే విచ్చుకుంటే చాలావరకు కలిసిన గుడ్డే. ముడతలు పడనట్టు మందు పట్టించిన కాటన్ కూడా ఉంటుంది, కాబట్టి దీనొక్కదాన్ని నమ్మి ఊరుకోవద్దు.

ఇంటికి తెచ్చాక అసలు పరీక్ష చేయండి. నిలువు పోగులు నాలుగు, అడ్డం పోగులు నాలుగు లాగి విడివిడిగా (కొన్ని గుడ్డల్లో ఒకవైపే పాలిస్టర్ ఉంటుంది), స్టీలు పళ్ళెం మీద, పట్టకారుతో పట్టుకుని, పక్కన చెంబెడు నీళ్ళు పెట్టుకుని, పిల్లలు లేని చోట అంటించి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే మంట దగ్గరికి రాగానే ముడుచుకుని, కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా అవుతుంది. రెండూ కలిస్తే కొంచెం బూడిద, కొంచెం పూస.

రేయాన్ (చెక్క గుజ్జుతో చేసే జారుడు గుడ్డ) ఈ పరీక్షలో దొరకదు, అది కూడా కాటన్ లాగే కాలుతుంది. దానికి ఇంకో ఉపాయం ఉంది: పోగును నోట్లో తడిపి లాగండి. తడిసిన రేయాన్ పుటుక్కున తెగుతుంది, కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. రేయాన్ చల్లగానే ఉంటుంది, నేనేం వద్దనను. కానీ రోజూ ఉతికే పిల్లల బట్ట ఎన్నాళ్ళు ఆగుతుందో ఈ పోగే చెప్తుంది.

ఎండాకాలానికి మల్‌మల్ (బాగా పల్చటి, మెత్తటి కాటన్) లేదా పల్చటి కేంబ్రిక్ (దగ్గరగా నేసిన నున్నటి కాటన్) తీసుకోండి. మల్‌మల్‌కు మామూలు 16 నంబర్ సూది వాడితే చిల్లులు పడతాయి, 9 లేదా 11 పెట్టుకోండి. ఇప్పటికే కుట్టేసిన సింథటిక్ సూట్‌కు లోపల కాటన్ లైనింగ్ వేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు, ఆ లైనింగ్ చెమట పీల్చినా పై గుడ్డ దాన్ని త్వరగా ఆరనివ్వదు, రెండు పొరలయ్యేసరికి ఇంకా ఉడుకు.

గుడ్డ కాటనే, అయినా గోక్కుంటోంది

కొత్త గుడ్డకు మిల్లులో గంజి లాంటివి పట్టిస్తారు, నిగనిగలాడటానికీ ముడతలు పడకుండా ఉండటానికీ. అవి చర్మానికి పడవు. కుట్టకముందు సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించండి. ఉతికాక ఒక నీటి చుక్క వేసి చూడండి, చుక్క టకాలున ఇంకాలి. పూసలా నిలబడితే ఇంకోసారి ఉతకండి, అప్పటికీ నిలబడితే ఆ గుడ్డను దిండు గలీబులకు కూడా వాడొద్దు, సంచులు కుట్టుకోండి.

మన దగ్గర ఇంకో కారణం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు: బోరు నీళ్ళు. నల్గొండ వైపు గానీ ఇటు గానీ చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా, సున్నం పట్టేలా ఉంటాయి. సబ్బు నురగ రాదు, వచ్చిన జిడ్డు పోగుల్లోనే ఉండిపోతుంది, ఆరాక మల్‌మల్ కూడా అట్టలా నిలబడుతుంది. అప్పుడు మనం బట్టలు మెత్తబడటానికి కంఫర్ట్ లాంటివి ఇంకాస్త ఎక్కువ పోస్తాం, దాంతో గుడ్డ నీళ్ళు పీల్చడం మరీ తగ్గుతుంది. పిల్లల బట్టలకు సబ్బు బిళ్ళ బదులు పౌడర్ తక్కువగా వేసి, ఆఖరి జాడింపు ఒక్కటి నల్లా నీళ్ళతో చేయండి.

ఇవేవీ కాకపోతే అంగీని తిరగేసి చూడండి. మెడ వెనక లేబుల్, చంకలో గరుకు ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు), నైలాన్ దారం. అంచులను లోపలికి మడిచి కుడితే పోతుంది. నేనైతే ఒక్కోసారి కుట్లు బయటికి వచ్చేలా తిరగేసే వేస్తాను, రాత్రి నిద్రలో ఎవరు చూడొచ్చారు.

ఒక్క ఉతుకుకే లాగు పిక్కల మీదికి వచ్చింది

తడపకుండా కోశారు. నేత కాటన్ మీటరుకు 3 నుంచి 5 సెంటీమీటర్లు కుంచించుకుపోవచ్చు, హోజరీ (బనీన్లకు వాడే సాగే అల్లిక గుడ్డ) ఇంకా ఎక్కువ. రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయండి. హోజరీ అయితే రెండుసార్లు ఉతకండి.

రంగు వీపుకు అంటింది

తెల్ల గుడ్డ ముక్క తడిపి 20 సార్లు రుద్ది చూడండి, కొనేటప్పుడే అంచు మీద. ఉప్పు నీళ్ళలో వేస్తే రంగు ఆగుతుందంటారు, నాకైతే ఆగలేదు.

మెత్తటి బొచ్చు గుడ్డతో చలికాలం గౌను కుట్టాను, బాగుంది, మరి దీంట్లో సమస్యేంటి?

సమస్య కనిపించదు, అందుకే ఇది ఎక్కువ రాస్తున్నాను. మంట అంటుకోవడంలో గుడ్డ రకం ఎంత ముఖ్యమో పైన లేచిన నూగు, వదులు, ఆకారం కూడా అంతే ముఖ్యం. ఫ్లానెల్ లాంటి నూగు కాటన్ మీద మంట పైపైనే పరుగెత్తుతుంది, ఆ నూగు మధ్య గాలి ఉంటుంది కాబట్టి. ఫ్లీస్ (చలి బట్టలకు వాడే బొచ్చు గుడ్డ) అయితే పాలిస్టర్, అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. మామూలు కాటన్ కూడా మంటకు తాళేది కాదు, కాటన్ అయితే భయం లేదు అనుకోవడం పొరపాటు.

అమెరికాలో 9 నెలలు దాటిన పిల్లల రాత్రి బట్టలకు నియమం ఉంది: గుడ్డ మంట పరీక్షలో నెగ్గాలి, లేదంటే బట్ట ఒంటికి అతుక్కుని బిగుతుగా ఉండాలి. గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి లేకపోతే మంట అంత తేలిగ్గా అందుకోదు, వేలాడే అంచు ఉండదు కాబట్టి పొయ్యి మీదికి పోదు. అక్కడ మంట ఆపడానికి పట్టించిన ట్రిస్ అనే మందును 1977లో పిల్లల బట్టల్లో నిషేధించారు, క్యాన్సర్ భయంతో. అందుకే మందు పట్టించిన గుడ్డ కోసం వెతకడం కన్నా ఆకారం మార్చుకోవడం మేలు అని నా అభిప్రాయం.

కానీ మన మే నెలలో బిగుతు బట్టలెలా వేస్తాం? నేను చేసేది ఇది. ఎండాకాలం చేతుల్లేని బనీను, మోకాలి పైకి నిక్కరు, రెండూ మల్‌మల్‌తో, ఎక్కడా వేలాడకుండా. డిసెంబర్‌లో ఫ్లీస్ బదులు రెండు పొరల కాటన్, చేతులకూ కాళ్ళకూ హోజరీ పట్టీ. నేల దాకా గౌను, కుచ్చులు, గంట చేతులు పెళ్ళికి బాగుంటాయి, కరెంటు పోయి కొవ్వొత్తి పెట్టిన ఇంట్లో, దోమల కాయిల్ పక్కన, ఊళ్ళో కట్టెల పొయ్యి ముందు కాదు. అంటుకుంటే నీళ్ళు పోసి మంట ఆర్పి, కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీటి ధార పట్టండి, అతుక్కున్న గుడ్డను పీకవద్దు, పేస్టు పూయవద్దు, ఆస్పత్రికి పోండి.

నడుము చుట్టూ ఎర్ర గీత, గుండీ ఊడి నోట్లోకి

సన్న ఎలాస్టిక్ కోస్తుంది. ముప్పావు అంగుళం వెడల్పుది, నడుము కొలత కన్నా 2 అంగుళాలు తక్కువ పెట్టండి, ఎలాస్టిక్ దూర్చే మడతలో ఒక చోట చిన్న సందు వదిలితే తర్వాత సరిచేసుకోవచ్చు. 3 ఏళ్ళ లోపు వాళ్ళకు గుండీలు, పూసలు, లేసు పువ్వులు వద్దు. మెడ దగ్గర తాళ్ళు ఏ వయసుకైనా వద్దు, నిద్రలో మెడకు చుట్టుకుంటాయి.

గుడ్డ ఎక్కడ తెచ్చుకోవాలి అంటారా, బజారుకు పోయేముందు బీరువా తెరవండి. నారాయణపేట కాటన్ చీరో, పోచంపల్లి దుప్పటో పదేళ్ళు ఉతికిందైతే అంతకన్నా మెత్తటిది బజారులో దొరకదు, గంజి పోయి, కుంచించుకునేదంతా కుంచించుకుని, వదిలే రంగంతా వదిలేసి ఉంటుంది. జరీ అంచు కోసి పక్కన పెట్టండి, గీరుకుంటుంది. వెలుతురుకు ఎత్తి చూసి, రెండు బొటనవేళ్ళతో లాగండి, సుర్రున చిరిగిన చోట వదిలేసి గట్టిగా ఉన్న కొంగు వైపు కోయండి. మా పాప ఇప్పుడు వేసుకునే నిక్కర్లు మూడూ అత్తమ్మ చీరవే.