ఫాంటసీ ఆటకు తొలి ఊరిని ఎలా కట్టాలి?

తలా ఒక పాత్ర పోషిస్తూ, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడిపించుకునే ఆట ఇది; ఆ లోకాన్ని అల్లి ఆటను నడిపించే మనిషే గేమ్ మాస్టర్. కొత్తగా గేమ్ మాస్టర్ అయినవారు ఖండమంతటికీ మ్యాప్ గీసి, మూడు వేల ఏళ్ల రాజవంశాల చరిత్ర రాసి, ఆట మొదలయ్యే ఊరికి మాత్రం ఒక పేరూ ఒక సత్రమూ పడేసి చేతులు దులుపుకుంటారు. తొలి మూడు నాలుగు సెషన్లూ ఆటగాళ్లు గడిపేది ఆ ఊళ్లోనే. నల్లగొండలో మిత్రులతో కలిసి ఏళ్లుగా ఆట నడిపిస్తూ, ఇతరులు నడిపే ఆటల్లో కూర్చుంటూ, ఇదే పొరపాటును ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

కావలసినవి ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు. పెన్నుతో రాయకూడదు. మ్యాప్ గీసే సాఫ్ట్‌వేర్ జోలికి అసలే పోకూడదు; చెట్లకు రంగులు దిద్దడంలోనే ఆదివారం గడిచిపోతుంది.

ముందుగా ఊరు అక్కడే ఎందుకు వెలిసిందో తేల్చుకోవాలి. ఇందుకు మన ప్రాంతం కంటే మంచి పాఠం లేదు. నల్లగొండ, దేవరకొండ, రాచకొండ అన్న పేర్లలోనే గుట్ట ఉంది. గుట్ట మీద కోట, దాని నీడలో ఊరు, ఊరి పక్కన చెరువు. నల్లగొండ పక్కనే, కందూరు చోళులు ఏలిన పానగల్లుకు ఉదయసముద్రం చెరువు అండగా నిలిచింది. కాబట్టి చెరువు గీయండి, దానికి కట్ట, తూము, నిండిన నీరు పొర్లిపోయే మత్తడి గుర్తించండి, కట్ట మీద మైసమ్మను నిలపండి, ఊరి నడుమ బొడ్రాయి పెట్టండి, అంగడి జాగా చూపండి. ఇంతకు మించి అక్కర్లేదు. వింతలు కూడా ఊరికి ఒక్కటే ఉండాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు కదులుతున్నా గర్భగుడిలో పడే స్తంభపు నీడ రోజంతా అలాగే నిలిచి ఉంటుంది. ఆ ఒక్క నీడను చూడటానికే ఇప్పటికీ జనం వస్తున్నారు. మీ ఊళ్లో మాట్లాడే బావి, ఎగిరే గుడి, మంత్రాల మర్రి మూడూ ఉంటే ఆటగాళ్లకు ఏదీ గుర్తుండదు.

తరువాత మనుషులు. పేరున్నవారు అయిదుగురు చాలు: పటేలు, చెరువు నీళ్లు వదిలే నీరడి, కుమ్మరి, కల్లు గీసే మనిషి, మందులిచ్చే అవ్వ. ఒక్కొక్కరికి ఒక్కొక్క కోరిక రాసి, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో పక్కన గుర్తు పెట్టుకోవాలి. నీరడి పటేలును ‘దొరా’ అని పిలుస్తూ, అవ్వ మాత్రం అదే పటేలును ‘ఏరా’ అని పిలిస్తే, ఆ ఊరి అధికారం ఎవరి చేతిలో ఉందో ఆటగాళ్లకు వేరే చెప్పనవసరం లేదు.

ఇక అందరూ చెడగొట్టే ఘట్టం ఊరికి ఒక తగాదా పెట్టడం. ఇక్కడ తొందరపడకండి. ఊరంటే ఇళ్లూ వీధులూ కాదు, అందరికీ కావలసిన ఒకే వస్తువు చుట్టూ నలిగే మనుషులు అని నా అభిప్రాయం. ఉదాహరణకు, ఈ ఏడు చెరువు సగమే నిండింది. తూము దగ్గరి పొలాలకు నీళ్లు ముందు పారతాయి, ఆయకట్టు చివరి పొలాలు ఎండుతున్నాయి. వంతులవారీగా నీళ్లు వదలవలసిన నీరడి, తూములో ఏదో చేరిందని చెప్పి, రాత్రిళ్లు తూము తెరవడం మానేశాడు.

ఇందులో మొదటి జాగ్రత్త, రెండు పక్షాల మాటలోనూ న్యాయం ఉండాలి. పటేలు ఉత్త దుర్మార్గుడైతే ఆటగాళ్లు మొదటి గంటలోనే అతణ్ణి నరికి ఊరు వదిలిపోతారు. రెండో జాగ్రత్త, పరిష్కారాన్ని మీరు ముందే రాసుకోకూడదు. నేను ఒకసారి నీరడే దొంగ అని నిర్ణయించుకుని కూర్చున్నాను. ఆటగాళ్లు అతని మాట నమ్మి, అతనితో కలిసి రాత్రంతా తూము దగ్గర కాపలా కాశారు. నా కథ కోసం అతణ్ణి బలవంతంగా దొంగను చేశాను. పాచికలు ఆగిపోయాయి, ఒకరి తరువాత ఒకరు ఫోన్లు తీశారు. మూడో జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం: ఆటగాళ్లు ఏమీ చేయకపోతే ఏమవుతుందో వారాలవారీగా రాసి పెట్టుకోవాలి. మొదటి వారం చివరి పొలాల రైతులు కట్టకు గండి కొడతామంటారు. రెండో వారం నీరడి కనిపించడు. మూడో వారం గండి పడుతుంది. ఆటగాళ్లు అడవిలో తిరుగుతున్నా ఈ లెక్క ఆగకూడదు, అప్పుడే ఊరు బతికి ఉన్నట్టు అనిపిస్తుంది.

తగాదా చిన్నదిగానే ఉండాలి. ఒక్క దెబ్బకు కూలిపోయే మొదటి లెవెల్ పాత్రల చేత లోకాన్ని కాపాడించడం హాస్యాస్పదం. అలాగని, మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీటి వల్ల వంగిపోయిన ఎముకల బాధ తెలిసినవారి ముందు విషపు బావి కథను సరదాగా వాడకండి. నేను ఆ కథను పూర్తిగా మానేశాను.

ఖండం మ్యాప్ లేకపోతే ఆట ముందుకు ఎలా సాగుతుందని అడుగుతారు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకదాని మత్తడి దూకిన నీరు కింది చెరువులో చేరుతుంది. పై ఊరు తూము మూస్తే కింది ఊరికీ ఏదో ఒక గతి పడుతుంది, ఆ ఊరి మనుషులు తమంతట తామే వచ్చి మీ ఆటగాళ్ల తలుపు తడతారు. రెండో ఊరిని ఆ రోజు గీసుకుంటే సరిపోతుంది.

మొదటి సెషన్‌ను సత్రంలో మొదలుపెట్టకండి. మూల బల్ల దగ్గర ముసుగు మనిషి పని అప్పగించడం అరిగిపోయిన పద్ధతి. పైగా మన ఎండల్లో నెగడు చుట్టూ చేరే సత్రం ఎవరికి కావాలి? అంగడి రోజున, ఆటగాళ్లు ఉల్లిగడ్డలకో ఈటె మొనలకో బేరమాడుతుండగా, తూము వైపు నుంచి కేకలు వినిపించనివ్వండి. ఆ తరువాత వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో వెనుక పేజీ నుంచి రాసుకుంటూ రండి. రెండో సెషన్‌కు మీరు సిద్ధం చేయవలసింది వాటి జవాబులే.