ఒక చదరపు కాగితం, ఒక పేజీ భాగహారం: కరణీయ సంఖ్యల పాఠం నేను చెప్పే తీరు

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిన మొదటి ఏడాది, తొమ్మిదో తరగతి బోర్డు మీద ఒకే పిరియడ్‌లో రెండు వాక్యాలు రాశాను. పై (π) విలువ 22/7 అని ఒకటి, పై కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా (పి/క్యూ) రాయలేని సంఖ్య అని ఇంకొకటి. రెండో బెంచీలో ఉన్న అమ్మాయి లేచి, "టీచర్, 22/7 పి బై క్యూ రూపంలోనే ఉంది కదా, మరి పై కరణీయం ఎలా అయింది?" అని అడిగింది. "అది అంతే, గుర్తు పెట్టుకో" అని కూర్చోబెట్టాను. కూర్చుంది గానీ, ముఖంలో అనుమానం అలాగే ఉంది. ఆ ప్రశ్నకు తగ్గట్టు పాఠాన్ని మార్చుకోవడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు నేను చెప్పే వరస కింద రాస్తున్నాను. నాలుగైదు పిరియడ్లు పడుతుంది. సిలబస్ టెన్షన్ ఉన్నా ఈ పాఠానికి ఆ మాత్రం టైమ్ ఇవ్వండి.

ముందు మాట దగ్గర వచ్చే తికమక తీర్చాలి. రేషనల్ అంటే అకరణీయం, ఇర్రేషనల్ అంటే కరణీయం. ఇంగ్లీషులో 'కాదు' అనే ముక్క ఇర్రేషనల్‌కి అంటుకుంటే, తెలుగులో అకరణీయానికి అంటుకుంది. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాక ఈ తారుమారు మరీ ఎక్కువైంది. నేను కరణి అనే మాట నుంచి మొదలుపెడతాను. యజ్ఞవేదికలు కట్టడానికి తాళ్లతో కొలతలు వేసే పద్ధతులు శుల్బ సూత్రాల్లో ఉన్నాయి. శుల్బం అంటే తాడు. ఒక చతురస్రానికి రెండింతల వైశాల్యం వచ్చే చతురస్రం భుజాన్ని వాళ్లు ద్వికరణి అన్నారు. మన √2 అదే. కరణితో, అంటే వర్గమూలంతో, పని పడేది కరణీయం, పడనిది అకరణీయం అని చెబితే పిల్లలు మళ్లీ తప్పు రాయరు. పై లాంటివి వర్గమూలాలు కావు కదా అని ఎవరైనా అడిగితే సంతోషించండి, ఆ సంగతి చివర్లో వస్తుంది.

మొదటి పిరియడ్‌లో నిర్వచనం రాయను. 1ని 7తో భాగించమంటాను, చేత్తో, రఫ్ నోట్సులో. ఒక్క షరతు: ప్రతి అడుగులో వచ్చిన శేషం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. 10లో 7 ఒకసారి, శేషం 3. 30లో నాలుగు సార్లు, శేషం 2. అలా 6, 4, 5, చివరికి 1. మొదలుపెట్టిన 1 మళ్లీ వచ్చేసరికి క్లాసులో ఎవరో ఒకరు "మళ్లీ అదే టీచర్!" అంటారు. అక్కడ ఆపి అడగండి: 7తో భాగిస్తే ఎన్ని రకాల శేషాలు రావచ్చు? సున్నా వస్తే లెక్క ముగిసిపోతుంది. అది కాక 1 నుంచి 6 దాకా, ఆరు రకాలే. ఆరు కుర్చీలు వేసి ఏడుగురిని నిలబెడితే ఒకరికి కొత్త కుర్చీ దొరకదు. అందుకే ఆరు అడుగుల్లోపు పాత శేషం తిరిగి రాక తప్పదు, దాని వెంట పాత అంకెలూ వస్తాయి. మా క్లాసులో నిజంగానే కుర్చీలు వేసి చూపిస్తాను. లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు కూడా ఇక్కడ నోరు విప్పుతారు.

అప్పుడు బోర్డు మీద రాస్తాను: ఏ భిన్నాన్ని భాగించినా దశాంశం ఆగుతుంది, లేదా తిరిగి అదే వరస మొదలవుతుంది. మూడో దారి లేదు. పాఠం అంతా ఈ ముక్క మీదే నిలబడుతుంది, కాబట్టి తొందరపడకండి.

ఇంటిపనికి 1/17 ఇవ్వండి. ఫోన్ కాలిక్యులేటర్‌లో చూసినవాడు 0.0588235294 అని రాసుకొచ్చి, తిరిగి రావడం లేదు కాబట్టి కరణీయం అంటాడు. చేత్తో చేసినవాడి పేజీలో 0588235294117647 అని 16 అంకెలు వచ్చాక మళ్లీ 0588 కనిపిస్తుంది. ఇద్దరి నోటుపుస్తకాలూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిస్తాను. తెర మీద చోటు చాలక అంకెలు ఆగిపోయాయి, అంతే.

హారంలో 2లు, 5లు తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేకపోతే దశాంశం ఆగుతుందన్న సూత్రం అరగంటలో అయిపోతుంది. భిన్నాన్ని ముందు సూక్ష్మరూపంలోకి తెమ్మని మాత్రం గట్టిగా చెప్పండి, లేకపోతే 6/15ని చూసి మోసపోతారు.

తర్వాత కాగితం. సరిగ్గా 20 సెంటీమీటర్ల భుజంతో చదరంగా కత్తిరించిన కాగితం తలా ఒకటి ఇస్తాను. 10 సెంటీమీటర్లను ఒక యూనిట్ అనుకోమంటాను. అంటే భుజం 2, వైశాల్యం 4. నాలుగు మూలలనూ మధ్య బిందువు దగ్గరకు మడవాలి. మడిచాక కాగితం అంతటా రెండు పొరలు అవుతుంది, కాబట్టి కొత్త చతురస్రం వైశాల్యం 2. మరి దాని భుజం ఎంత? స్కేలు పెట్టి కొలుస్తారు. 14.1 అంటారు కొందరు, "14.1 దాటి ఒక వెంట్రుకవాసి" అంటారు కళ్లు చురుకైనవాళ్లు. 1.41ని 1.41తో గుణిస్తే 1.9881. చాలలేదు. 1.42 అయితే 2.0164. ఎక్కువైంది. 1.414 అయితే 1.999396. పిల్లలు ఇంకో అంకె, ఇంకో అంకె అంటూ పోతారు, పోనివ్వండి. బాగా చెమట పట్టాక, చివరి అంకె చూడమనండి. 1 నుంచి 9 దాకా ఏ అంకె వర్గమైనా చివర సున్నా రాదు. కాబట్టి ఆగిపోయే దశాంశం ఏదీ వర్గం చేస్తే సరిగ్గా 2 కాలేదు.

"ఆగకపోతే తిరిగి రావచ్చు కదా టీచర్?" అని ఇప్పుడు ఎవరైనా అడగాలి. అడగకపోతే మీరే అడగండి. పుస్తకంలో విరుద్ధత పద్ధతిలో ఉన్న రుజువు పదో తరగతి పిల్లలకే మింగుడుపడదు. తిరిగి వచ్చే దశాంశం కూడా ఏదో ఒక భిన్నమే కాబట్టి, √2 ఏ భిన్నమూ కాదని చూపితే చాలు. అందుకు నేను కారణాంకాలు లెక్కపెట్టిస్తాను. 36ని విడగొడితే 2లు రెండు, 144ని విడగొడితే నాలుగు. ఏ వర్గసంఖ్యలోనైనా 2లు సరిసంఖ్యలోనే ఉంటాయి, ఎందుకంటే వర్గం చేసినప్పుడు ప్రతి కారణాంకం రెండుసార్లు పడుతుంది. √2 అనేది పి/క్యూ అయితే, పి వర్గం = క్యూ వర్గానికి రెండింతలు. ఎడమవైపు 2లు సరిసంఖ్య, కుడివైపు ఒకటి ఎక్కువై బేసిసంఖ్య. ఒకే సంఖ్యకు రెండూ కుదరవు. ఈ మాత్రం తొమ్మిదిలో అర్థమైతే పదిలో పుస్తకం రుజువు తేలిగ్గా ఎక్కుతుంది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఒకటుంది. బౌధాయన శుల్బ సూత్రం √2కి ఇచ్చిన కొలత: 1కి దాని మూడోవంతు కలిపి, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలిపి, ఈ నాలుగోవంతులో 34వ వంతు తీసేయాలి. కూడితే 577/408. పిల్లలతో చేత్తో వర్గం చేయించండి. 577 వర్గం 332929. 408 వర్గానికి రెండింతలు 332928. ఒక్కటే తేడా! క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. ఆ ఒక్కటీ ఏ భిన్నంతోనూ సున్నా కాదని వాళ్లు అంతకుముందే రుజువు చేశారు కాబట్టి, ఆ తేడా వాళ్లకు నిజంగా కనిపిస్తుంది.

ఇక పై. గాజు చుట్టూ దారం చుట్టి కొలిపించి, ఆ కొలతను గాజు వ్యాసంతో భాగించమనండి, 3 కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. 22/7 అంటే 3.142857..., పై అంటే 3.14159..., మూడో దశాంశస్థానంలోనే విడిపోయాయి. 22/7 అకరణీయమే. అది పైకి దగ్గరలో ఉన్న వేరే సంఖ్య. క్రీ.శ. 499లో ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 పరిధి అని చెబుతూ, పక్కనే 'ఆసన్న' అన్నాడు, అంటే దగ్గరి విలువ అని. పై కరణీయమని రుజువు చేసింది 18వ శతాబ్దంలో లాంబర్ట్ అనే గణితవేత్త. ఆ రుజువు బడిలో చెప్పే స్థాయిది కాదని పిల్లలకు ఉన్నమాట చెప్పేస్తాను. √2కి మనమే రుజువు చేశాం, పైకి ప్రస్తుతం మాట నమ్ముతున్నాం అని తేడా చెబితే వాళ్లు గౌరవంగానే తీసుకుంటారు. ఇప్పుడు ఆ రెండో బెంచీ అమ్మాయి ఎదురైతే ఈ నాలుగు ముక్కలూ చెప్పాలని ఉంటుంది.

చివరి పిరియడ్‌లో స్లిప్ టెస్ట్ పెడతాను. ఆరు సంఖ్యలు: √16, 3.14, 22/7, 0.272727..., 0.1010010001..., √8. ఏది ఏదో రాసి, ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. వాక్యం లేకపోతే మార్కు లేదు. √16ని కరణీయం అన్నవాడికి వర్గమూలం గుర్తు కనబడింది, లోపలి సంఖ్య కనబడలేదు. 0.1010010001...కి పద్ధతి ఉంది కాబట్టి అకరణీయం అని సగం క్లాసు రాస్తుంది. అలాంటివాళ్లను బోర్డు దగ్గరకు పిలిచి, తిరిగి వచ్చే వరస ఏదో గీత గీసి చూపించమంటాను. సున్నాలు ఒక్కొక్కటి పెరుగుతుంటే గీత ఎక్కడ ఆపాలో తెలియక, చాక్‌పీస్ పట్టుకుని నిలబడి, వాళ్లే వెనక్కి తిరిగి "ఆవర్తనం లేదు టీచర్" అంటారు.