వేల్స్ ఎస్టేట్ రికార్డులు తెరిచే ముందు జాగ్రత్తలు

పెద్ద భూస్వామి కుటుంబాల భూముల కాగితాలు, అంటే ఎస్టేట్ రికార్డులు చూడటానికి అబరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయానికి బయల్దేరే ముందే కేటలాగ్ వెతికి పెట్టుకోండి. కుటుంబం పేరుతోనే కాదు, బంగళా పేరుతోనూ చూడాలి. విలియమ్స్-విన్ వంశం కాగితాలు విన్‌స్టే పేరు మీద దొరుకుతాయి.

- అన్నీ ఒకేచోట ఉండవు. పెన్‌రిన్ ఎస్టేట్ పత్రాలు బాంగర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

- తేదీల దగ్గర చాలా జాగ్రత్త. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. దస్తావేజులో 1710 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1711. ఇది మర్చిపోతే కొడుకు తండ్రికంటే ముందు కౌలుకు సంతకం పెట్టినట్టు కనిపించి వంశవృక్షమంతా తారుమారవుతుంది. రెండు తేదీలూ రాసుకోవడమే మంచిది.

- పాత రైతులకు స్థిరమైన ఇంటిపేరు ఉండకపోవచ్చు, తండ్రి పేరే వెనక చేరుతుంది. ఒకే ఊళ్లో అదే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు కాబట్టి మనిషిని పొలం పేరుతో కలిపి గుర్తించండి.

- 1733కు ముందరి కోర్టు రికార్డులు ఎక్కువగా లాటిన్‌లో ఉంటాయి.

- పెన్ను వద్దు, పెన్సిలే. చేతులు శుభ్రంగా కడుక్కోండి. మైనపు ముద్రలు ఉన్న తోలు పత్రాలను బలవంతంగా విప్పకండి, సిబ్బందిని పిలవండి.

- ఫొటో తీసిన ప్రతి పత్రానికీ రిఫరెన్స్ నంబరు అప్పుడే రాసుకోండి.

రాయలసీమ చరిత్ర చదివేవాళ్లు పోవిస్ కోట రికార్డులనూ జాబితాలో పెట్టుకోవాలి. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి అప్పగించినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, ఆ కోట వారసురాలి భర్త.